లాల్ బీ మెహందీ పెట్టిన పిట్టలు

లాల్ బీ పొద్దున ఆరింటికి గుంట గట్టు మీద కూర్చుంటే పొద్దుగూకే దాకా లేచేది మూడేసార్లు. రెండు నమాజులకు, ఒకసారి జొన్నరొట్టె మూట తెచ్చుకోవడానికి. రొట్టె తినేటప్పుడు కూడా గుంటకు వీపు పెట్టదు. ఎడమచేతిలో రొట్టె, కుడిచేతి పక్కన వడిసెల, ఒడిలో గులకరాళ్లు. 1989 ఎండాకాలం నాటికి ఆమెకు నలభై ఆరేళ్లు. ఆ గట్టు మీద అది నాలుగో వేసవి.

గుంట ఆలంపూర్‌కు దిగువన, తుంగభద్ర ఒడ్డున ఉంది. బెస్తల సహకార సంఘానిది. ముందటి వానాకాలం ఆలస్యంగా వచ్చిన బొచ్చె, రవ్వు చేపపిల్లలను అందులో పెంచి, కొత్తనీళ్లు రాగానే ఏట్లో వదలాలని సంఘం అనుకుంది. అప్పటిదాకా పక్షులు తినకుండా కాయడం లాల్ బీ పని. ఆమె భర్త గులాం నబీ బతికి ఉండగా గంపలా గుండ్రంగా ఉండే పుట్టిలో జనాన్ని ఏరు దాటించేవాడు. జ్వరం వచ్చి అతను పోయాక పుట్టి, తెడ్డు ఆమెకు మిగిలాయి. ఆడమనిషిని కావలి పెట్టడమేమిటని సంఘంలో కొందరు గొణిగారు. ముప్ఫై గజాల దూరంలో తేలుతున్న కొబ్బరిచిప్పను ఆమె వడిసెలతో కొట్టి చూపించాక గొణుగుడు ఆగింది.

ఏటి నడుమ, నీళ్లు తగ్గాక బయటపడే ఇసుకదిబ్బ మీద ఏటా మార్చిలో నీళ్లపిట్టలు గుడ్లు పెడతాయి. సన్నటి తెల్లపిట్టలు. తలకు నల్లటోపీ, పసుపుపచ్చ ముక్కు, చీలిన తోక. సముద్రపు పక్షుల కుటుంబంలోవే అయినా ఇవి ఏరు విడిచి పోవు. గాలిలో నిలబడి కిందికి చూసి, రాయి పడ్డట్టు నీళ్లలో పడి, చిన్నచేపను కరుచుకుని లేస్తాయి. ఎవరికైనా అన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. లాల్ బీకి మాత్రం ఒకదానికొకటి పోలిక లేదు.

"మనుషుల లెక్కనే ఉంటయి. కొన్ని మొండియి, కొన్ని పిరికియి," అనేది.

పుట్టి దిబ్బను తాకగానే పిరికివి ముందు లేచిపోతాయి. దూరంగా తిరిగి తిరిగి, అందరికన్నా చివర గుడ్ల మీదికి వస్తాయి. మొండివి నేరుగా మనిషి తలమీదికే దిగుతాయి. నిన్న పారిపోయిన పిట్ట నేడూ పారిపోతుంది, నిన్న పొడిచింది నేడూ పొడుస్తుంది. మేతలోనూ అదే తీరు. పిరికివి ఏటి నడిమధ్యకు పోయి, ఒకటికి నాలుగుసార్లు చూసుకుని మునుగుతాయి. మొండివాటిలో మూడింటికి ఏరు పట్టదు. చెవి పక్కనుంచి వడిసెల రాయి పోయినా గుంటకే వస్తాయి. అదీ గుంటంతా తిరగవు. కాలువ నీళ్లు లోపలికి పడే మూల ఒక్కటే వాటి జాగా. ఆ మూడింటికి ఆమె పేర్లు పెట్టింది: మొండిది, కుంటిది, దొంగది.

ఆ ఏప్రిల్‌లో గుంటలో చేపపిల్లలు పలచబడ్డాయని సంఘానికి అనుమానం వచ్చింది. ఐలేశం అనే సభ్యుడు ఒకరోజంతా గట్టున కూర్చుని లెక్కపెట్టాడు. సోమవారం సంఘం పాకలో మీటింగ్ పెట్టారు.

"నూట నలభై మూడు పిట్టలు పడ్డయి. నా కండ్లతోని చూసిన," అన్నాడు ఐలేశం.

సంఘం అధ్యక్షుడు వెంకటనర్సు ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "శుక్రవారం దిబ్బ మీదికి పోదాం. గుడ్లన్నీ పగలగొడితే అవే లేచిపోతయి," అన్నాడు.

వాకిట్లో కూర్చున్న లాల్ బీ తలెత్తింది. "ఐలేశం, దిబ్బ మీద గూళ్లెన్ని?"

"అరవై దాక ఉంటయి."

"గూటికి రెండు లెక్కన నూట ఇరవై పిట్టలు. అండ్ల సగం గుడ్ల మీద కూసోవాలె. మరి నూట నలభై మూడు యాడికెల్లి వచ్చినయిరా? మీ అత్తగారింటికెల్లా?"

పాకంతా నవ్వింది. ఐలేశం తగ్గలేదు. "కర్నూలు దిక్కుకెల్లి వచ్చినయేమో బూబమ్మా. వాటికేమన్న బస్సు కిరాయా?"

"నువ్వు లెక్కపెట్టింది పిట్టలను కాదు బిడ్డా, అవి వచ్చిపోవుడును. మూడే పిట్టలు పొద్దుందాక తిరుగుతున్నయి."

ఐలేశం తప్పు ఆ ఊళ్లో ఎవరైనా చేసేదే. రేవులో పుట్లు నడిపేవాళ్లకు ఖేపుల లెక్క, అంటే రాకపోకల లెక్క, అలవాటు. ఎన్ని ఖేపులు పడ్డాయో చూస్తారు, ఎన్ని పుట్లు తిరుగుతున్నాయో ఎవరూ అడగరు.

"మూడే అని నీకెట్ల ఎరుక? అన్నీ ఒక్కతీరుగనే ఉండె," అన్నాడు వెంకటనర్సు.

"నాకు ఎరికే అన్నా."

"నీకు ఎరికైతే మాకెట్ల తెలువాలె?"

ఆ ప్రశ్నలో అన్యాయం లేదు. లాల్ బీ లేచి పాక గుమ్మం దగ్గరికి వచ్చింది. "శుక్రవారం దాక ఆగుండ్రి. ఆ మూడింటికి నిశానీ పెడ్త. శుక్రవారం మీరే వచ్చి కూసోండ్రి. నిశానీ లేని పిట్ట ఒక్కటి గుంటల పడ్డా, గుడ్లు నా చేతితోనే పగలగొడ్త."

"పట్టుకొని బొట్టు పెడ్తవా?" అన్నాడు ఐలేశం.

"మెహందీ పెడ్త. నీ పెండ్లికి నీకెవరు పెట్టలేదని ఏడ్వకు."

"పుట్టికి పూసే తారు ఉండె గద, అదే పుయ్యి."

"తారు అంటితే ఈకలు అతుక్కపోతయి. నీళ్లల్ల పడ్డ పిట్ట మల్ల లేవదు," అంది. రెండేళ్ల కింద తడితారు పుట్టి మీద వాలిన ఒక పిట్ట అట్లా మునిగిపోవడం ఆమె చూసింది.

ముక్కున చేప పట్టుకుని పోయేటప్పుడు వెంట చూస్తే పిట్ట గూడు తెలుస్తుంది. ఆ మూడు గూళ్లు ఆమెకు ఎప్పటినుంచో తెలుసు. గూడంటే గూడేమీ లేదు, ఇసుకలో చిన్న పల్లం. గోరింటాకు నూరి, చిక్కటి చాయ్ డికాషన్‌లో కలిపి, సోమవారం సాయంత్రం పుట్టి వేసుకుని పోయింది. నెత్తిన గంప బోర్లించుకుంది, మొండిది ఊరికే ఉండదు కనుక. గుడ్లను తాకకుండా పల్లం అంచున గులకరాళ్లు పేర్చి, వాటికి ముద్ద పూసింది. పిట్ట కూర్చుంటే పొట్ట ఈకలకు అది తగలాలి.

మంగళవారం పోయి చూస్తే రాళ్లన్నీ పక్కకు నెట్టి ఉన్నాయి. ముద్ద ఎండి పెంకు కట్టింది. ఆమె గోనెసంచి చింపి, సన్నటి పేలికలు తడిపి, ముద్ద దట్టంగా పట్టించి పల్లం చుట్టూ ఇసుకలో సగం పూడ్చింది. ఎండకు పేలికలు ఆరిపోకుండా, చీకటి పడేముందు ఆ పని చేసేది. బుధవారానికి మొండిదాని పొట్ట మీద ఇటుకరంగు మరక కనిపించింది. గురువారం కుంటిదానికి అంటింది. గుడ్ల మీద వంతులేసుకునే వాటి జోడీలకూ రంగు పట్టింది, కాని అవి మేతకు ఏటికే పోతాయి. దొంగదానికి పట్టిందో లేదో తేలలేదు. అది ఆమెను చూడగానే లేచి, ఎండకు ఎదురుగా తిరిగేది.

శుక్రవారం ఆరింటికే వెంకటనర్సు, ఐలేశం గట్టు మీదికి వచ్చారు. వెంట గుడ్లు పగలగొట్టడానికి కట్టెలు కూడా తెచ్చారు. లాల్ బీ వడిసెల పక్కన పెట్టేసింది. ఆ ఒక్కరోజు పిట్టలను కొట్టనని ముందే చెప్పింది.

మొదటి పిట్ట ఆరున్నరకు వచ్చింది. పొట్ట ఇటుకరంగు. రెండోది కుంటికాలుతో, అదే రంగుతో వచ్చింది. మళ్లీ మొదటిది. ఐలేశం వేళ్లు మడుస్తూ, "గిది ఇందాకటిదే," అన్నాడు తనలో తాను. తొమ్మిదికల్లా ముప్ఫై రెండుసార్లు వచ్చాయి. వచ్చినవి ఆ రెండే.

పదింటికి ఇంకొకటి వచ్చింది. కాలువ మూల మీద గాలిలో నిలబడింది. పొట్ట తెల్లగా మెరిసింది.

"తెల్లది! బూబమ్మా, తెల్లది!" ఐలేశం లేచి నిలబడ్డాడు.

లాల్ బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పిట్ట దభాలున నీళ్లలో పడింది, చేపతో లేచింది, గట్టు మీదుగా దిబ్బ వైపు మళ్లింది. మళ్లినప్పుడు ఎడమ తొడ కింద రూపాయి బిళ్లంత నారింజ మచ్చ కనిపించింది. వెంకటనర్సు చూశాడు. "కూసో రా," అన్నాడు ఐలేశంతో.

పొద్దుగూకే వేళకు లెక్క నూట ముప్ఫై ఎనిమిది. నూట ముప్ఫై ఆరుసార్లు వచ్చినవి రంగు అంటిన ఆ మూడే. మిగిలిన రెండుసార్లు ఒక తెల్లపిట్ట వచ్చి, పైనే ఆగి, మునగకుండా పోయింది.

"వచ్చింది గద," అన్నాడు ఐలేశం.

"వచ్చింది. పడలే," అన్నాడు వెంకటనర్సు. లాల్ బీ వైపు తిరిగాడు. "సరే బూబమ్మా. అరవై గూళ్లు వద్దు. ఆ మూడు తీసేద్దాం."

"తీస్తే ఏమైతదన్నా? పిల్లలు లేని పిట్టకు పొద్దుందాక తీరికే. ఇంకా ఎక్కువ తిరుగుతయి. కాలువ మూల ఒక్కటి మూయుండ్రి. వాటికి వేరే జాగా తెలువదు."

గుంటంతా కప్పేంత వల సంఘానికి లేదు. పది గజాల పాతవల మాత్రం పాకలో పడి ఉంది. శనివారం కాలువ మూల మీద వెదురుకర్రలు పాతి ఆ వల బిగించారు. దొంగది మూడోనాడు ఏటి దారి పట్టింది. కుంటిది నాలుగోనాడు. మొండిది ఆరు రోజులు వెదురుకర్ర కొనమీద కూర్చుని కింది నీళ్లు చూసింది. ఏడోనాడు అదీ ఏటికి పోయింది.

కట్టెలు పాకకు తిరిగి పోయాయి. మే నెలాఖరుకు ఆ దిబ్బ మీదినుంచి రెక్కలొచ్చి ఎగిరిన పిల్లలు డెబ్బై తొమ్మిది.