ఎలుకల గదిలో రంగుల వరస

విజయనగరంలో పరిశోధన చేసే రోజుల్లో, డీఎన్‌ఏలో ఒకచోటి నుంచి ఇంకోచోటికి గెంతే జన్యువును ఎలుకల్లో పెట్టి చూసేవాళ్లం. అది ఏ తల్లి నుంచి ఏ పిల్లకు వచ్చిందో తెలియాలి. తల్లి గుర్తు పంజరం చీటీ మీదే ఉండేది.

తనిఖీ ముందురోజు మా ప్రొఫెసరు మహాశయుడు, చూడ్డానికి ముచ్చటగా ఉంటుందని, నల్ల ఎలుకలన్నీ కొన్ని పంజరాల్లో, తెల్లవన్నీ ఇంకొన్నిట్లో సర్దించాడు. ఏ పిల్ల ఏ తల్లిదో తెలీకుండా పోయి, రెండేళ్ల పని మట్టిలో కలిసింది. తనిఖీకొచ్చినవాళ్లు ఆ గదిలోకి తొంగి కూడా చూడకుండా టిఫిన్లు తిని వెళ్లారు.

"ఒక్క ఎలుకైనా చచ్చిందా?" అన్నాడాయన, పని పాడైందని నేను మొత్తుకుంటే.

పంజరాలు కడిగే ఆవిడ పొద్దున్నే చేపలమ్మి పనికొచ్చేది. ఆయన వెళ్లాక అంది: "సేపల్నే రంగు సూసి కలిపెయ్యం, బాబూ. ఈయనకి సదువెవుడు సెప్పినాడు?"