మరియమ్మ అడిగిన మర్నాటి పేజీ

జాతివివక్షపై వస్తున్న కొత్త నవలలు మన డిగ్రీ తరగతుల్లో పాఠాలవుతున్న ఈ రోజుల్లో, వాటిలో ప్రతిఘటన ఏ ఘడియ దగ్గర ఆగిపోతోందో చెప్పుకోవడం అవసరం. నేను బోధించే ఒక అమెరికా నవలలో నల్లజాతి వంటమనిషి చేతి వంట తినలేమంటూ తెల్లజాతి విద్యార్థులు భోజనాల బల్ల దగ్గర నుంచి లేచి వెళ్లిపోతారు. ఆమె అదే బల్ల దగ్గర ఒంటరిగా కూర్చుని, తలెత్తుకుని భోంచేస్తుంది. కథ అక్కడితో ముగుస్తుంది. పల్నాడులో వెల్దుర్తి దగ్గరి బడిలో టీచరుగా పనిచేస్తున్న నా పూర్వ విద్యార్థిని రెహానా, ఆ చివరి పేజీని తమ బడి వంటమ్మ మరియమ్మకు తెలుగులో చదివి వినిపించమని కోరింది. అందుకే ఈ ప్రయాణం.

ఉదయం ఆరున్నరకు నరసరావుపేటలో బస్సెక్కి, తొమ్మిదిన్నరలోపే మాచర్లలో దిగాను. అక్కడి నుంచి షేర్ ఆటోలో మనిషికి యాభై రూపాయలు. నేను ఏ బడికి వెళ్తున్నానో వినగానే డ్రైవరు మస్తాన్ వెనక్కి తిరిగాడు.

"మా పాప ఆడే తింటది మేడం. పదకొండు మంది మాత్రం ఇంటికాడ నుంచి బాక్సులు మోసుకొస్తన్నారు. ఎస్సీ కాలనీ ఆమె చేతి కూడంట! ఆమె కూలికెళ్లి కోసిన మిరపకాయలు మాత్రం కూరల్లో బానే ఏసుకుంటారు."

నెలాఖరులోగా ఆ పిల్లలు తినకపోతే వంటమనిషిని మార్చాలని కొందరు తల్లిదండ్రులు పట్టుబడుతున్నారని కూడా అతనే చెప్పాడు.

బడి వంటగదిలో మరియమ్మ పప్పు ఎనుపుతూ, నేను చదివిన పేజీ మొత్తం వింది. నేను ముగించాక తెడ్డు ఆపింది.

"అంతేనా మేడం? తెల్లారి వండిందా లేదా?"

"అది రాయలేదమ్మా."

"ఇదేం కథ! కోపమొచ్చిన పూట ఎవురైనా కూకుని తింటారు. తెల్లారి మళ్లీ అదే పొయ్యి కాడికి రావటం గదా చానా కష్టం."

ఆమె రోజూ ఆ పదకొండు మందికి కూడా కలిపే ఎసరు పెడుతుందట. "మిగిలితే ఏం చేస్తావక్కా?" అంది రెహానా నవ్వుతూ.

"మారు అడిగినోళ్లకి పెడతా. ఏనాడన్నా ఆ పిల్లలు పళ్లెం పట్టుకొస్తే లేదనగలనా టీచరమ్మా?"

పన్నెండున్నరకు గంట కొట్టారు. బాక్సుల పిల్లలు వరండా చివర కూర్చున్నారు. తాలింపు వాసనకు వాళ్లలో ఒకమ్మాయి రెండుసార్లు తల తిప్పి చూసింది. మరియమ్మ గరిట నింపి, పట్టుకుని నిలబడింది. ఆ పిల్ల తన బాక్సు మూత తీసి తినడం మొదలుపెట్టింది.

ఆ నవల ముగింపును ప్రతిఘటనకు పరాకాష్ఠగా మూడేళ్లుగా బోధిస్తున్నాను. నేను చెప్పింది తప్పు కాదు గాని, సగమే. మర్నాటి పొయ్యిని వెలిగించే పేజీ ఒకటి ఎక్కడైనా చదవాలని తిరుగు ప్రయాణమంతా మనసు కొట్టుకుంది. అటు వెళ్లేవారు మధ్యాహ్నం రెండులోపే తిరుగు ఆటో ఎక్కండి. తర్వాత ఆటోలు బాగా తగ్గిపోతాయి.

నెలాఖరుకు ఇంకా తొమ్మిది రోజులున్నాయి. ఆ అమ్మాయి పళ్లెం పట్టుకుంటుందో లేదో, వచ్చే నెల ఆ పొయ్యి దగ్గర మరియమ్మ ఉంటుందో లేదో నాకు తెలియదు.