ముక్కుగొట్టం మీద కుళ్ళు

కొల్లేటికోటలో వెంకాయమ్మ కొర్రమీను పులుసు కాచిందంటే కలిదిండి చెరువుల్లో చేపలు గట్టెక్కి వాసన చూసేవి. కాదనేవాళ్ళు ఆ పులుసు తినని అభాగ్యులే. ఆమె మొగుడు పెద్దింటయ్య ముప్పై ఏళ్ళుగా పరాయి చేతి ముద్ద మింగి ఎరగడు. పెళ్ళిళ్ళకు వెళ్ళినా ఆకలితోనే తిరిగొచ్చేవాడు.

అలాంటి మనిషి రెండువేల నాలుగు వానాకాలంలో ఊపిరితిత్తులకు నిమ్ము పట్టి, ఏలూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో పడ్డాడు. నోట్లో వెంటిలేటరు గొట్టం, ముక్కులోంచి పొట్టలోకి ఇంకో సన్నగొట్టం. రెండేసి గంటలకోసారి సఫియా అనే నర్సు వచ్చి, "బాబాయిగారూ, భోజనం" అని పలకరించి, ప్రోటీను పొడి కలిపిన పాలు పెద్ద సిరంజితో ఆ గొట్టంలో పోసేది. స్పృహ ఉండీ లేని పెద్దింటయ్య రెప్పలు ఆ పిలుపుకి కదిలేవి. వెంకాయమ్మ ఎంత పిలిచినా కదిలేవి కావు. దాంతో ఆమెకు ఒళ్ళు మండిపోయేది. ఆ పిల్ల నడక బాగోలేదంది, నవ్వు బాగోలేదంది, పాలు నీళ్ళలా ఉన్నాయని పక్క మంచం వాళ్ళకు చాటింది.

మూడోరోజు మధ్యాహ్నం సఫియా సిరంజితో గొట్టంలోంచి వెనక్కి లాగి చూసి, పాలు పోయకుండానే వెళ్ళిపోయింది. ఇంకేం, పాలు ఎగ్గొట్టే దొంగ దొరికిందనుకుంది వెంకాయమ్మ. కొంగుచాటు ఫ్లాస్కులో వడగట్టిన కొర్రమీను రసం సిద్ధంగా ఉంది. గొట్టం మూత మీద చెయ్యి వేసిందో లేదో, సఫియా వచ్చి మణికట్టు పట్టుకుంది.

"ఇందాక పోసిందే ఇంకా పొట్టలో ఉందండి పిన్నిగారూ. డాక్టరుగారు ఈసారికి ఆపమన్నారండి. మీద పోస్తే పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోద్ది."

ఊళ్ళో తమ చేపలచెరువులో వెదురుకర్రలకు వేలాడే మేతసంచుల్ని రోజూ పడవలో తిరిగి తడిమి చూసేది వెంకాయమ్మే. పాత తవుడు మిగిలిన సంచిలో కొత్తది పోయనిచ్చేది కాదు. పోస్తే నీళ్ళు చెడి చేపలు చచ్చి తేలిపోతాయి. ఎంత పని చేయబోయిందో తెలిసి ఫ్లాస్కు మూత గట్టిగా బిగించింది. అంతలోనే, తన పని ఈ పట్నం పిల్లకెలా తెలుసని కుళ్ళు రెట్టింపయింది.

ఎంత మిగిలితే ఆపుతావని పోటీగా అడిగింది. సఫియా సిరంజి మీద గీత చూపించింది.

"మాకు గీతలక్కర్లేదమ్మాయ్, చెయ్యే చెబుద్ది," అంది వెంకాయమ్మ.

సాయంత్రం లాగితే చుక్క రాలేదు. సఫియా సిరంజి ఆమె చేతికే ఇచ్చి ఎత్తిపట్టమంది. పాలు మెల్లగా దిగుతున్నంతసేపూ వెంకాయమ్మ భుజం లాగినా చెయ్యి దించలేదు.

తొమ్మిదోరోజుకు గొట్టాలు తీశారు. మొదటి చెంచా జావ వెంకాయమ్మే పట్టింది. పెద్దింటయ్య మెల్లగా మింగి, బొంగురు గొంతుతో, "భోజనమని పిలిచే ఆ అమ్మాయి ఏదే?" అన్నాడు.

సఫియా ఆమె వెనకే నిలబడి ఉంది.

"డ్యూటీ దిగి వెళ్ళిపోయింది," అంది వెంకాయమ్మ, కాస్త అడ్డంగా జరిగి కూర్చుంటూ. "నోరు తెరువు."