నాలుగో కెమెరా

ఎవరు గడప దాటబోయినా మా మామయ్య వాళ్ళ సంచిలో చెయ్యి పెట్టేవాడు. మేనల్లుణ్ణని నన్నూ వదల్లేదు. సూదిమందు వెయ్యడానికొచ్చిన డాక్టరునూ వదల్లేదు. తాను తప్ప లోకమంతా దొంగలేనని ఆయన నమ్మకం.

దొంగిలించదగినదేదీ ఆ ఇంట్లో నాకు కనిపించలేదు. కుర్చీలకు చేతులు లేవు. రేడియోకు గొంతు లేదు. దొంగ పొరపాటున వస్తే, జాలిపడి ఏదో ఒకటి పెట్టిపోవాలి. అలాంటి కొంపకు కెమెరాలు పెట్టించాడు. గేటుకొకటి, మెట్లకొకటి, గుమ్మానికొకటి. ఆ మూడింటినీ ఎవరూ ఎత్తుకుపోకుండా ఎదురుగోడ మీద నాలుగోది.

"రికార్డయ్యే పెట్టె బీరువాలో పెట్టనా?" అన్నాడు మెకానిక్.

"దొంగ దాన్నీ పట్టుకుపోతే? చూడ్డానికి వాడింటికెళ్ళాలా?"

అలా ఆ పెట్టె ఊరికి ఆ చివరనున్న మా ఇంటికొచ్చి ఫ్రిజ్ మీద కూర్చుంది. ఇంటర్నెట్ ద్వారా అన్నీ దాన్లోకే. రోజూ ఫోను.

"ఎవరైనా కనిపించార్రా?"

"మీరు."

"ఇంకా?"

"మీ వీపు."

రెండు వారాలకు అత్తయ్య కొత్త శాలువా మాయమైంది. ముందురోజు వైరు బిగించడానికొచ్చింది మెకానిక్కే. అత్తయ్య మామయ్యకు చెప్పకుండానే అతని షాపుకు ఫోను చేసింది. తేలేదాకా రావద్దన్నాడు యజమాని. అతను తిన్నగా మా ఇంటికొచ్చాడు.

"రికార్డు చూడండి సార్. ఉద్యోగం పోతే మళ్ళీ ఎవరూ ఇంట్లోకి రానివ్వరు."

చూశాం. మూడు కెమెరాల్లో తువ్వాలు తప్ప ఏమీ లేదు. నాలుగోదాన్లో, ఆ తువ్వాళ్ళు కప్పుతూ మామయ్య. తన కెమెరాల్ని కాయడానికి తనే పెట్టించినదాన్ని మరిచిపోయాడు మహానుభావుడు. తర్వాత వాళ్ళ ఇల్లూడ్చే పనావిడ సంచితో బయటికొచ్చింది. ఆయన గదమాయించి, సంచిలో చెయ్యి పెట్టాడు. శాలువాతో వెళ్ళిన చెయ్యి ఖాళీగా వచ్చింది. అంతకు ముందు రోజులూ తిప్పి చూశాను. సబ్బులు, మాత్రలు, పిల్లల నోటుపుస్తకాలు.

నా సంచిలో మాత్రం ఎప్పుడూ ఏమీ దొరకలేదు.

ఫోను చేశాను. "మామయ్యా, దొంగ దొరికాడు."

"ఎవడు?"

"బట్టతల. మీ లుంగీ కట్టుకున్నాడు."



"చేతికిస్తే ఆవిడ పుచ్చుకోదురా. వాళ్ళమ్మ చలికి వణికిపోతోందట."

"తిరిగి తేలేదా?"

"తెచ్చింది. మా ఇంట్లోది కాదన్నాను."

"బాగుంది. అత్తయ్య ఫోను చేసిందని మెకానిక్‌ను పనిలోంచి ఆపేశారు. ఇక్కడే ఉన్నాడు."

ఫోను పెట్టేశాడు.

మర్నాడు పొద్దున్నే, షాపు షట్టరు తియ్యకముందే మామయ్య మెట్ల మీద కూర్చున్నాడు. యజమాని రాగానే లేచాడు.

"శాలువా దొంగను నేనే. మీవాణ్ణి పనిలోకి పిలవండి."

"మీ శాలువా మీరు తీసుకుంటే దొంగతనం ఏంటండీ?"

మామయ్య గొంతు తగ్గించాడు.

"నాదైతే కాదుగా. మా ఆవిడది."