తలుపు మీద నలభై ఏడు

తలుపుకి అడ్డంగా ఆ ఇంటి ముసలమ్మ నిలబడింది. చేతిలో చేపలు కోసే కత్తి. నిన్న నేను ఎర్రరంగుతో వేసిన నలభై ఏడో నంబరు సగం గీకేసి ఉంది.

ఎనభై ఒకటి జనాభా లెక్కలకు ముందు ఏడాది అది. వన్ టౌన్ బడిలో టీచర్ని. ఇళ్ళకు నంబర్లు వేసే పని నా నెత్తిన పడింది. నగరం హద్దు దాటాక సముద్రపు ఒడ్డున ఉన్న జాలరిపేట నా వంతుకొచ్చింది.

"ఏటమ్మా, మల్లీ ఎయ్యడానికొచ్చావా?" అంది. "పాత పేటలో ఇలాగే గోడల మీద ఏసినారు. నెల తిరక్కుండానే ఇల్లు కూల్సేసినారు. ఈసారి నాను ఊరుకోను."

చుట్టూ జనం మూగారు. ఎవరో నా రంగుడబ్బా లాక్కున్నారు. భయపడ్డాను, ఒప్పుకోవడానికి సిగ్గేం లేదు. మధ్యాహ్నానికి సూపర్‌వైజరు వస్తాడు, నంబర్లు లేకపోతే నాకు మూడినట్టే. ఆ భయంలో నోటికొచ్చింది అనేశాను.

"ఇది కూల్చడానికి కాదమ్మా. మీది పల్లెటూరో పట్నమో తేల్చడానికి. మీలో ఒక్కరైనా నాగలి పడతారా? లేదు కదా. పట్నమనే రాస్తారు. పట్నమైతే కుళాయి వస్తుంది, ఇళ్ళ జోలికి ఎవరూ రారు."

కుళాయి గురించి గాని, ఇళ్ళ గురించి గాని మాటిచ్చే హక్కు నాకు లేదు. ఆమె నన్ను ఎగాదిగా చూసింది. కత్తి దించి, "అయితే ఏసుకో" అంటూ తనే తలుపు తుడిచింది. ఆమెను చూసి మిగతావాళ్ళూ ఒప్పుకున్నారు.

తర్వాత జనాభా లెక్కల శిక్షణ తరగతిలో లేచి, జాలరిపేట పట్నం కిందికే వస్తుందా అని అడిగాను. పాఠం చెప్పే పెద్దాయన ఓపిగ్గానే చెప్పాడు. కొన్ని దేశాల్లో జనం ఎంతమందో చూసి పట్నమనేస్తారట. మన దగ్గర అదొక్కటే చాలదు, పనిచేసే మగవాళ్ళలో ముప్పాతిక మంది వ్యవసాయం కాని పని చేస్తూ ఉండాలి. చేపల వేటను మాత్రం ఈసారి వ్యవసాయంలోనే కలిపారట. నాకు ఒళ్ళు మండిపోయింది. మగవాళ్ళ పనేనా? చేపల గంప నెత్తినెత్తుకుని వన్ టౌన్ దాకా నడిచే ఆడవాళ్ళ ఊసే లేదు.

మరుసటి ఏడాది మనుషుల్ని లెక్కపెట్టడానికి మళ్ళీ జాలరిపేట వెళ్ళాను. నంబరు చెక్కుచెదరలేదు. పైగా ముసలమ్మ దాని చుట్టూ పసుపు రాసి బొట్లు పెట్టింది.

"కుళాయెప్పుడేత్తారమ్మా?" అని నవ్వుతూ అడిగింది.

చెప్పకుండా రాసుకుని వచ్చేయొచ్చు. చెప్పేశాను. మీది పల్లెటూరేనట, చేపల వేటా వ్యవసాయమేనట అని. తిట్లకు సిద్ధపడి నిలబడ్డాను. ఆమె అరవలేదు.

"యవసాయమా? అయితే నా సేనెక్కడుందో సూపించమ్మా. మల్లీ ఇల్లు కూల్సినప్పుడు అక్కడికెల్లిపోతాను."

ఆమె లోపలికెళ్ళి కత్తి తెచ్చి, పసుపుతో సహా నంబరు గీకడం మొదలుపెట్టింది. నేను ఆపలేదు. అరుగు మీద కూర్చుని, లెక్కల కాగితంలో నలభై ఏడు రాసి, ఆమె కొడుకు ఏం పని చేస్తాడని అడిగాను. వేటకెళ్తాడని చెప్పింది, గీకుతూనే.