నక్షలో మా చేను

మా పుట్టిల్లు వికారాబాద్ గుట్టల దగ్గర. అక్కడి ఎర్రమట్టి బట్టలకు అంటిందంటే ఎంత ఉతికినా పోదు. పెళ్లయి తాండూరు పక్క పల్లెకు వస్తే ఇక్కడంతా నల్లరేగడి, దాని కింద పొరలు పొరలుగా నాపరాయి. వానపడితే చెప్పులు బురదలోనే ఉండిపోయేవి, కాళ్లు మాత్రం పైకి వచ్చేవి. మొదట్లో ఈ మట్టిని రోజూ తిట్టుకునేదాన్ని. తర్వాత దాన్ని తిట్టడం మానేశాను.

నా తొలిచూలు ఆడపిల్ల. వారం తిరక్కుండానే పోయింది. నేను ఇంకా మంచం దిగని బాలింతను. మా మామ పసిదాన్ని ఎత్తుకుని చేను వైపు పోయి, వట్టి చేతులతో తిరిగొచ్చాడు. మా ఇళ్లలో అంత చిన్నపిల్లల్ని సొంత చేలోనే పూడుస్తారు. గుర్తుకు రాయి కూడా పెట్టరు. ఎక్కడ పెట్టిందీ తల్లికి చెప్పరు. చెబితే ఆమె కాళ్లు రోజూ అటే పోతాయని భయం.

మా ఆయనను అడిగాను. "నాయిన ఒక్కడే పోయిండు. నాకెర్కలేదు" అన్నాడు. మామను అడగడానికి నోరు రాలేదు. కోడళ్లు మామల ముందు నిలబడి మాట్లాడే రోజులు కావవి. అడగలేదు గానీ ఆయన మీద లోలోపల ఉడికిపోయేదాన్ని. జొన్నచేలో కలుపు తీస్తుంటే, నా బిడ్డ మీద కాలు వేస్తున్నానేమోనని ప్రతి సాలులో గుండె పీకేది. ఆ చేలో ఎక్కడ కూర్చోవాలన్నా నాకు బెదురుగానే ఉండేది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో మా ఊరికి సర్వే సారు వచ్చాడు. భూమి కింద పనికొచ్చే రాళ్లు, ఖనిజాలు ఎక్కడెక్కడ ఉండొచ్చో నక్ష గీయడం ఆయన పని. చిన్న సీసాలోంచి రాయి మీద ఒక చుక్క యాసిడ్ వేసేవాడు. సున్నపురాయి అయితే బుసబుసమని పొంగేది. ఇంకేముంది, ఊరు ఊరంతా గడప బండలూ రోళ్లూ చూపించడం మొదలుపెట్టింది. మా రోలు కూడా పొంగింది. పక్కింటామెది పొంగలేదని ఆమె నాతో నాలుగు రోజులు సరిగా మాట్లాడలేదు.

మామకు సారంటే మస్తు ఇష్టమైంది. చేలన్నీ దగ్గరుండి తిప్పేవాడు. ఒక సాయంత్రం సారు మా అరుగు మీద నక్ష పరిచాడు. నేను మజ్జిగ ఇవ్వడానికి వెళ్లి తొంగి చూశాను. వికారాబాద్ గుట్టలకు ఇటుకరంగు పూశాడు, మా వైపుకు నీలం. నీలం పూసిన చోటల్లా రాయి దొరకవచ్చునని, గుంతలు తవ్వి చూస్తేగాని రూఢి కాదని మామకు చెబుతున్నాడు. ఆ గుంతల కోసం చేలకు అడ్డంగా తిన్నగా ఒక గీత పట్టి, సమానదూరంలో మేకులు కొట్టించాడు.

మర్నాడు సద్ది తీసుకుని చేనుకు పోయాను. మోదుగచెట్టు దగ్గర గడ్డపారలు పట్టుకుని ఇద్దరు కూలీలు, పక్కన సారు. మామ మేకుకు అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"ఈడ వద్దు సారూ" అంటున్నాడు.

"ఎందుకు వద్దు పెద్దాయనా? చూసి మళ్లీ పూడ్చేస్తాం కదా."

"జర అవుతలికి తవ్వుకోండ్రి. చేనంత తవ్వుకోండ్రి, నేనేమనను. ఈడొద్దు."

"గీత తప్పుతుంది. కారణం ఏమిటో చెప్పండి మరి."

మామ నన్ను చూశాడు. చూసి తల దించుకున్నాడు.

"ఈడ ఓపారి తవ్విన సారూ. మల్ల తవ్వద్దు" అన్నాడు.

నా నెత్తిమీది గంప జారబోతే పట్టుకున్నాను. సారు ఆయన ముఖం చూశాడు, నా ముఖం చూశాడు. తనే వంగి మేకు పీకి, కూలీలను తీసుకుని గెట్టు అవతలికి పోయాడు.

మామ నేల మీద చతికిలబడ్డాడు. నేను గంప దించాను.

"తల తూర్పుకు వెట్టిన బిడ్డా" అన్నాడు. "నా తలకు కట్టే రుమాలల్లనే సుట్టిన. అది కొత్తదే."

"లోతు తవ్విండ్రా మామా?" అన్నాను. ఆయన ముందు నేను గొంతెత్తి అడిగిన మొదటి మాట అది.

"నక్కలు ముట్టనంత తవ్విన. బండ తగిలేదాక తవ్విన. చెప్తే నువ్వు ఈడనే కూసుంటవని చెప్పలే. నేనైతే రోజు వచ్చిపోతనే ఉన్న."

అన్నాళ్లు నేను ఆయనను రాతిగుండె మనిషి అనుకున్నాను. నాకు ఏడుపు ఆగలేదు. ఆయనకూ ఆగలేదు. కాసేపటికి కండువాతో ముఖం తుడుచుకుని లేచాడు.

"ఎడ్లను జూసొస్త. నువ్వు కూసో" అన్నాడు.

ఎడ్లు మా కళ్ల ముందే మేస్తున్నాయి. అయినా ఆయన చేను ఆ చివరికి నడిచిపోయి, అటు తిరిగి నిలబడ్డాడు. పురిటిస్నానం కాకముందే పోయింది గనక మేము పిల్లకు పేరు పెట్టలేదు. నేను మాత్రం మోస్తున్నప్పుడే మనసులో ఒక పేరు అనుకున్నాను. ఆ మట్టి మీద చెయ్యి పెట్టి, ఆ పేరుతో నా బిడ్డను మొదటిసారి పైకి పిలిచాను.