నిమ్మకాయ చుట్టూ అరటినార

వడమాలపేటలో మా చెల్లెలు పూలు కట్టి తిరుపతి అంగళ్లకు బస్సులో పంపుతుంది. ఆమెకు హెచ్‌ఐవీ ఉందని ఇంట్లో నాకొక్కడికే తెలుసు. ఒక ఆదివారం నేను వెళ్లగానే రిపోర్టు చేతిలో పెట్టింది. రక్తంలో వైరస్ కనబడలేదని ఉంది.

"సూసినావాన్నా? పోయింది. ఇంగ మాత్రలు మానేస్తా. గంపలో దాసిపెట్టుకోని దొంగమాదిరి మింగలేను."

నాకు భయం వేసింది. గ్రంథాలయంలో నిఘంటువు పక్కన పెట్టుకుని జీవశాస్త్రం చదివినవాణ్ణి. డిగ్రీ లేకపోయినా ఆ చదువంటే నాకు గర్వమే. ఆమె పూలు కట్టే అరటినారల్లోంచి సగమే తడిసినదాన్ని తీసి, పక్కనున్న ఒక నిమ్మకాయకు చుట్టాను.

వైరస్ తన రాతను మన కణంలోని డీఎన్‌ఏలో అతికించేస్తుందని చెప్పాను. ఆ డీఎన్‌ఏ ప్రోటీను ఉండలకు చుట్టుకుని ఉంటుంది. ఒక్కో చుట్టను న్యూక్లియోసోమ్ అంటారు. అక్షరాల వరసను బట్టి డీఎన్‌ఏ కొన్నిచోట్ల తడినారలా వంగుతుంది, కొన్నిచోట్ల ఎండునారలా బిగుసుకుంటుంది. ఉండ ఎక్కడ కూర్చోవాలో కొంతవరకు ఆ వరసే చెబుతుంది. వైరస్ రాత మొదలయ్యేచోట ఉండ కూర్చుంటే వైరస్ నిద్రపోతుంది.

"అంటే కట్టేసుండాది గదా," అంది చెల్లెలు సంతోషంగా. "మరి మాత్రెందుకు?"

మాత్ర వేసుకోమని చెప్పబోయి మానుకోమన్నంత పని చేశాను.

"ఉండమ్మా, ఇంగా ఉండాది," అని ఎండిన భాగాన్ని నిమ్మకాయకేసి బొటనవేలితో అదిమాను. "ఆ సోటు ఉండకు అంత అనువైంది కాదు. కణంలో వేరే ప్రోటీన్లు బలవంతంగా కూర్సోబెట్టినాయి. ఇట్ల." వేలు తీశాను. నార టక్కున లేచింది.

చెల్లెలు నవ్వు మానేసింది. "ఆ వేలు ఎప్పుడు తీస్తాది?"

"ఎవరూ సెప్పలేరు. మాత్ర దాన్ని కట్టెయ్యదు. లేసిన వైరస్ ఇంకో కణంలోకి పోకుండా ఆపుతాది, అంతే."

"ఇన్ని పుస్తకాలు సదివి, మాత్ర మింగు అని సెప్పేదానికా వచ్చినావు?"

"అవునమ్మా, దానికే."

కాసేపు నారతోనే ఆడుకుంది. తర్వాత లేచి గంప అడుగునుంచి డబ్బా తీసి, ముఖం చిట్లించుకుంటూ ఒక మాత్ర మింగింది. నీళ్లు తాగి నావైపు తిరిగింది.

"అన్నా, అట్లా అదిమిపట్టుకోనుండే వాటికి అలుపు రాదా?"

నేను చదివినవాటిలో దానికి జవాబు లేదు. తెలియదనే చెప్పాను.

"అయితే పోయి సదువు," అంది. డబ్బాను గంపలో పెట్టలేదు. నీళ్లచెంబు పక్కనే ఉంచింది.